మన పేరు మీద ఎవరో రాస్తున్న పద్దు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం మహిళా గ్రూపుల సభ్యులు, చిన్న వ్యాపారులు, కాలేజీ పిల్లలు కలిసిన తెలుగువారి సభలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ రాశాం.

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకి వచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను శబ్దానికి నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం నోట ఆడే మాటలోనే చదువు ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. నేను ఈ రోజు తెచ్చిన కాగితం మాత్రం జనం నోట ఆడే మాటలో లేదు. ఇంగ్లీషులో ఉంటుంది, చిన్న అక్షరాలతో ఉంటుంది, ఏడెనిమిది పేజీలుంటుంది. అందులో మీ పేరు ఉంటుంది, మీ పుట్టిన తేదీ ఉంటుంది, మీరు ఎవరి దగ్గర ఎంత అప్పు తీసుకున్నారో, ఏ నెల కట్టారో, ఏ నెల కట్టలేదో ఉంటుంది. దాన్ని బ్యాంకు మేనేజరు చదువుతాడు, ఫైనాన్సు కంపెనీవాళ్ళు చదువుతారు. చదవనిది ఒక్క మనమే. అందుకే దాన్ని మన మాటలోకి దించి చెబుదామని వచ్చాను.

దాని పేరు క్రెడిట్ రిపోర్టు. మన వైపు అందరూ సిబిల్ అంటారు. జిరాక్స్ అన్నది ఒక కంపెనీ పేరే అయినా కాపీ తీయడాన్నే జిరాక్స్ అంటున్నాం కదా, ఇదీ అంతే. సిబిల్ 2000లో మొదలైంది. 2005లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఇప్పుడు మన దేశంలో ఈ పని చేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, హామీ లేకుండా చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సువాళ్ళు అందరూ తమ దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళ వివరాలు ఈ నలుగురికీ పంపాలి. ఇదివరకు నెలకోసారి పంపేవారు. 2025 జనవరి నుంచి నెలకి రెండుసార్లు పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే ఈ నెల మొదట్లో తప్పిన వాయిదా వచ్చే నెల దాకా ఎవరికీ తెలియదులే అనుకునే రోజులు పోయాయి.

తెలుగులో పరపతి అని ఒక మంచి మాట ఉంది. సహకార పరపతి సంఘం అని బోర్డుల మీద చూస్తుంటాం. ‘ఆయనకి ఊళ్ళో పరపతి ఉంది’ అని కూడా అంటాం. అప్పు పుట్టడం, మాట చెల్లడం రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. మా మావగారికి ఈ ఊళ్ళో కిరాణా కొట్టు ఉండేది. ఎర్రట్ట ఖాతా పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉండేది. ఎవరు పంట చేతికొచ్చాక కడతారు, ఎవరు జీతం రోజున కడతారు, ఎవరిని మూడుసార్లు అడగాలి, ఇదంతా ఆయనకి నోటికి తెలుసు. ఒకాయన రెండు నెలలు కట్టకపోతే, ‘పాపం వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు అడగొద్దు’ అనేవారు. ఆయన పుస్తకంలో అంకె ఉండేది, ఆయన మనసులో కారణం ఉండేది.

క్రెడిట్ రిపోర్టులో కారణం రాయడానికి గడి లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని ఎంత దెబ్బతీసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. జీడితోటలు పోయినవాళ్ళు, కొబ్బరి పోయినవాళ్ళు, ఇంటికప్పు లేచిపోయినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఆ నెల, ఆ తర్వాత నెల వాయిదా కట్టలేకపోయినవాళ్ళ రిపోర్టులో ఆ ఆలస్యం మాత్రమే పడింది. తుపాను అన్న మాట ఎక్కడా లేదు. అలాంటప్పుడు ఏం చేయాలంటే, గడువు దాటకముందే బ్యాంకుకి వెళ్ళి కాగితం మీద రాసి ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యం వచ్చినప్పుడు అప్పు గడువు సర్దుబాటు చేయడానికి బ్యాంకులకి నిబంధనలున్నాయి. అడిగినవాళ్ళకి చేశాం. మొహమాటంతోనో సిగ్గుతోనో రాకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి చేయలేకపోయాం. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు కాగితంలోకి వద్దాం. ఇది నా సొంత రిపోర్టే, నంబర్లు కప్పేసి పెద్దగా ప్రింటు తీయించి గోడకి అంటించాను. పైన పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, ఫోన్లు, చిరునామాలు. దాని కింద మూడంకెల స్కోరు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. అందరి కళ్ళూ ముందు దాని మీదే పడతాయి. నేను మేనేజరు కుర్చీలో కూర్చున్నప్పుడు దాన్ని ఆఖర్న చూసేదాన్ని. ముందు చూసేది ఇదిగో, ఈ గళ్ళు.

ఒక్కో అప్పు కింద ఇలా వరసగా గళ్ళున్నాయి చూడండి. ఒక్కో గడి ఒక నెల. ఇలా 36 నెలలు, మూడేళ్ళ చరిత్ర. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల బాకీ లేదు అని. 030 అని ఉంటే కట్టాల్సిన రోజు దాటి 30 రోజులైంది అని. 060 అంటే 60 రోజులు. 90 రోజులు దాటితే ఆ అప్పుని బ్యాంకు మొండిబాకీల లెక్కలోకి తీసుకెళుతుంది. మూడు ఇంటూ గుర్తులు కనబడితే కంగారు పడకండి, ఆ నెల వివరాలు బ్యాంకు పంపలేదని అర్థం.

ఇప్పుడు మీరే మేనేజరు అనుకోండి. ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకరి గళ్ళలో రెండేళ్ళ కిందట ఒక 060 ఉంది, ఆ తర్వాత అన్నీ సున్నాలే. ఇంకొకరికి రెండేళ్ళూ సున్నాలే, ఈ మధ్య మూడు నెలల్లో 014, 022, 031. స్కోరు ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే అనుకుందాం. నేనైతే మొదటి మనిషికి ఇచ్చేదాన్ని. ఆయన ఒకసారి పడి లేచాడు. రెండో మనిషి ఇప్పుడు జారుతున్నాడు. ఆయనకి ఇంకో అప్పు ఇస్తే సాయం చేసినట్టు కాదు.

గళ్ళ తర్వాత చూసేది ఎంక్వయిరీలు. గత ఆరు నెలల్లో ఈ మనిషి అప్పు కోసం ఎన్ని చోట్ల తిరిగాడు అన్నది. మీరు ఎక్కడ అప్పుకి దరఖాస్తు పెట్టినా వాళ్ళు మీ రిపోర్టు తీస్తారు, అలా తీసినట్టు రిపోర్టులోనే రాసి ఉంటుంది. నెల రోజుల్లో ఏడు చోట్ల దరఖాస్తు పెడితే, ఆ తర్వాత రిపోర్టు తీసేవాళ్ళకి ఆ ఏడూ కనబడతాయి. ఫోన్లో ‘మీకు 2 లక్షల లోను రెడీ’ అని మెసేజి వస్తే సరదాకి నొక్కే తమ్ముళ్ళకి ఈ మాట చెబుతున్నాను. అది సరదాగా ఉండదు.

ఇంత పట్టింపు ఎందుకు అని మీరు అడగచ్చు. బ్యాంకులో ఉన్న డబ్బు మేనేజరుది కాదు కదా. ఇదిగో ఈ వరసలో కూర్చున్న అమ్మ వితంతు పింఛను కూడబెట్టి వేసిన డిపాజిట్ అది. ఆవిడ అడిగిన రోజున ఆవిడకి ఇవ్వాలి. అందుకే అప్పు అడిగేవాడికి కట్టే స్తోమత ఉందా, కట్టే అలవాటు ఉందా అని రెండూ చూడాలి. స్తోమత జీతం కాగితంలో, జీఎస్టీ కాగితంలో కనబడుతుంది. అలవాటు ఈ గళ్ళలో తప్ప ఇంకెక్కడా కనబడదు.

అప్పు వచ్చినా వడ్డీ ఎంత అన్నది కూడా చాలామటుకు దీని మీదే ఉంటుంది. లెక్క చూడండి. ఇంటి కోసం 10 లక్షలు, 20 ఏళ్ళకి. వడ్డీ ఎనిమిదిన్నర శాతమైతే నెలకి సుమారు 8,678 రూపాయలు. తొమ్మిదిన్నర అయితే సుమారు 9,321. తేడా నెలకి 643. అంతేనా అనిపిస్తుంది. 240 నెలలకి లెక్కేస్తే లక్షా యాభై నాలుగు వేలు. ఒక్క శాతం వడ్డీలో ఒక ఆడపిల్ల డిగ్రీ చదువు ఉంది.

బ్యాంకు తలుపు మూసుకుపోతే మనం ఎక్కడికి వెళతామో మీకు తెలుసు. నూటికి నెలకి ఐదు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 60 శాతం. ప్రొద్దున్నే తొంభై ఇచ్చి సాయంత్రం వంద పట్టుకెళ్ళేవాళ్ళ సంగతి బజారులో కూరగాయలు అమ్మే అక్కలకి నాకన్నా బాగా తెలుసు. ఈ కాగితం గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి అదే కారణం.

ఇప్పుడు చెప్పబోయేది ముఖ్యంగా గ్రూపు ఆడవాళ్ళకి. దయచేసి శ్రద్ధగా వినండి.

గుణుపురం బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక ఆవిడ వచ్చింది. కుట్టుపని చేస్తుంది. రెండు మోటారు మిషన్లు కొనుక్కుందామని లోను అడిగింది. పనిమంతురాలు, ఆర్డర్లున్నాయి, ఇల్లు సొంతం. రిపోర్టు తీస్తే మైక్రోఫైనాన్సులో మూడు అప్పులు కనబడ్డాయి, ఒకటి 90 దాటిపోయింది. నేను చూపించాను. ఆవిడ కాసేపు ఆ కాగితం వైపే చూసి, ‘ఇందులో నాది ఒక్కటేనమ్మా’ అంది. మిగిలిన రెండూ ఆవిడ పేరు మీద తీసి పక్కింటి ఆవిడకి ఇచ్చింది. పక్కింటి ఆవిడకి అప్పటికే అప్పులెక్కువై కంపెనీవాళ్ళు ఇవ్వలేదు. ‘నీ పేరు మీద తీయవే, వారం వారం నేను కట్టేస్తాను’ అంది. కొన్నాళ్ళు కట్టింది కూడా. తర్వాత కొడుకు దగ్గరికి సూరత్ వెళ్ళిపోయింది.

డబ్బు పుచ్చుకున్నది ఒకరు, పద్దు పడింది ఇంకొకరి మీద. నేను ఆ రోజు లోను ఇవ్వలేకపోయాను. ఆవిడ అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. కానీ కాగితం మీద సంతకం ఆవిడది, ఆధార్ ఆవిడది, ఫోటో ఆవిడది.

మన వైపు చీర అడిగితే ఇస్తాం, గిన్నె అడిగితే ఇస్తాం, పెళ్ళికి గొలుసు అడిగినా ఇస్తాం. చీర మాసినా తిరిగొస్తుంది. పేరు అరువిస్తే ఏ రూపంలో తిరిగొస్తుందో మన చేతిలో ఉండదు. నిజంగా సాయం చేయాలనిపిస్తే మీ దగ్గరున్న 2 వేలో 3 వేలో చేతికివ్వండి. పోతే ఆ డబ్బే పోతుంది.

గ్రూపు అప్పుల్లో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. ఒడిశా ప్రభుత్వం నడిపే మిషన్ శక్తి మహిళా గ్రూపులాంటి వాటికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను గ్రూపు పేరు మీద ఉంటుంది. అయినా సభ్యుల వివరాలు కూడా క్రెడిట్ సంస్థలకి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. కాబట్టి గ్రూపు పుస్తకం సరిగ్గా రాయడం అన్నది మీ అందరి పని, ఒక్క సెక్రటరీ పని కాదు. రెండోది మైక్రోఫైనాన్సు. అక్కడ పదిమందిని కూర్చోబెట్టి ఇచ్చినా అప్పు ఎవరి పేరు మీద వాళ్ళదే. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకి హామీ లేకుండా ఇచ్చే అప్పు అది. ఆ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఏజెంటు మీ ఆదాయాన్ని ఎక్కువ చేసి రాస్తుంటే మీకు మేలు చేస్తున్నాడనుకోకండి. ఆ సగం అన్న గీత మీ రక్షణ కోసమే గీశారు.

ఇక మన సరిహద్దువాళ్ళకి మాత్రమే ఉన్న ఒక చిక్కు చెబుతాను. ఇది నాకే జరిగింది.

మా పుట్టిల్లు టెక్కలి వైపు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు, పొడి అక్షరం చేసి. ఇక్కడ ఒడిశాలో ఇంటిపేరు చివర రాస్తారు. నా టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ముందుంది. ఓటరు కార్డులో అత్తింటి ఇంటిపేరు చివర ఉంది. ఓటరు కార్డుకి ముందు ఒడియాలో రాసి, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చినప్పుడు నా పేరులో ఒక అక్షరం మారిపోయింది. ఇలా నేను నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉన్నాను. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి ఇక్కడి తెలుగువాళ్ళ కాగితాలన్నిటిదీ ఇదే కథ.

2021లో మా అమ్మాయి చదువు కోసం లోనుకి దరఖాస్తు పెట్టాం. నేను సహ దరఖాస్తుదారుని. ఆ బ్రాంచిలో అబ్బాయి నా రిపోర్టు తీసి, ఇబ్బంది పడుతూ, ‘మేడమ్, మీకు బండి లోను ఒకటి బాకీ ఉంది’ అన్నాడు. నాకు స్కూటీ నడపడమే రాదు. ఇంటికొచ్చి నాలుగు రిపోర్టులూ తీసి చూశాను. ఒక్కదాంట్లో మాత్రం ఆ అప్పు ఉంది. నా పేరే ఉన్న ఇంకో ఆవిడ, పుట్టిన సంవత్సరం కూడా అదే. ఆవిడ పాన్ నంబరు ఎక్కించేటప్పుడు ఒక అక్షరం తప్పు పడి అది నా నంబరైపోయింది. ఎక్కడో ఎవరో ఒక అక్షరం తప్పు కొట్టారు, ఇక్కడ మా అమ్మాయి ఫీజు గడువు దగ్గరపడింది.

ఆన్‌లైన్లో అభ్యంతరం పెట్టాను. కొన్నాళ్ళకి ‘అప్పు ఇచ్చిన సంస్థ వివరాలు సరైనవే అని ధ్రువీకరించింది’ అని జవాబు వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ముప్పై ఏళ్ళు అవతలి కుర్చీలో కూర్చున్న మనిషిని, నాకే ఇలా ఉంటే, సంతకం మాత్రమే వచ్చినవాళ్ళ సంగతేమిటి అనిపించింది. మళ్ళీ పెట్టాను. ఈసారి పాన్ కార్డు కాపీ జతచేసి, ఆ ఫైనాన్సు సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి విడిగా రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. వాళ్ళు తీసుకున్న దరఖాస్తులో ఫోటో, సంతకం చూపించండి అని అడిగాను. ఆ ఒక్క మాటకి కదిలారు. అయిదో వారంలో ఆ అప్పు నా రిపోర్టు నుంచి పోయింది.

అప్పటికన్నా ఇప్పుడు నియమాలు గట్టిగా ఉన్నాయి. 2024 ఏప్రిల్ 26 నుంచి, మీరు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఫిర్యాదుకి ఫీజు లేదు. అక్కడా పని జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఫిర్యాదులు విచారించే అధికారి దగ్గరికి వెళ్ళచ్చు, 14448 నంబరుకి ఫోన్ చేసి ఎలా పెట్టాలో అడగచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సిబిల్‌వాళ్ళు తమంతట తాము మీ రిపోర్టులో అంకె మార్చరు. అప్పు ఇచ్చిన సంస్థ ఒప్పుకుంటేనే మారుస్తారు. అందుకే ఇద్దరికీ రాయాలి.

సరే, రిపోర్టు ఎలా తెచ్చుకోవాలి. 2017 జనవరి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఒక్కో సంస్థా ఒక్కోటి ఇవ్వాలి, అంటే ఏడాదికి నాలుగు. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడుగునా మీ పద్దు మీ కళ్ళముందుంటుంది. ఆ సంస్థ వెబ్‌సైటులోకే నేరుగా వెళ్ళండి. పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోన్ నంబరు అడుగుతుంది, ఓటీపీ వస్తుంది. మధ్యలో నెలకింత కట్టండి అని ప్లాన్లు చూపిస్తుంది. అవి అక్కర్లేదు, ఉచిత రిపోర్టు అన్న లింకే నొక్కండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఆ, బాబూ, చెప్పు.

మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందా అంటున్నాడు. తగ్గదు. పదిసార్లు చూసుకున్నా తగ్గదు. అప్పు ఇచ్చేవాళ్ళు తీసిన ఎంక్వయిరీ వేరు, మనం చూసుకునేది వేరు. ఈ భయంతోనే చాలామంది చూసుకోవడం లేదు.

అన్నయ్యగారు అడుగుతున్నారు, బావమరిదికి హామీ సంతకం పెట్టారట, ఆయన కట్టడం లేదట. అది మీ రిపోర్టులోనూ ఉంటుంది, మీరు హామీదారు అని రాసి ఉంటుంది. ఆయన ఆలస్యం మీకూ తగులుతుంది. హామీ సంతకమంటే సాక్షి సంతకం కాదు, ఆయన కట్టకపోతే నేను కడతాను అని. ముందు బ్యాంకుకెళ్ళి బాకీ ఎంత ఉందో తెలుసుకోండి. మీ చెల్లెలి కాపురం కాబట్టి గొడవ పడలేరు, నాకు తెలుసు. అయినా బావమరిదిని వెంటబెట్టుకునే వెళ్ళండి. మేనేజరు ముందు కూర్చుంటే ఇంట్లో రాని మాటలు వస్తాయి.

ఇంకో మంచి ప్రశ్న. ఒక తమ్ముడు ఎప్పుడూ అప్పే తీసుకోలేదు, అందుకని స్కోరే లేదు, లోను ఇవ్వరా అంటున్నాడు. ఫలానా స్కోరు ఉంటేనే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా చెప్పలేదు. మొదటిసారి అప్పు అడిగేవాడిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని 2025లో పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది కూడా. ఆదాయం కాగితాలు పట్టుకుని ధైర్యంగా వెళ్ళు. మీ ఇంట్లో బంగారం ఉంటే చిన్న గోల్డు లోను తీసి గడువులో విడిపించుకున్నా చరిత్ర మొదలవుతుంది. అవసరం లేకపోతే మాత్రం చరిత్ర కోసమని అప్పు చేయకు.

సిబిల్ బాగుచేస్తాం, 5 వేలివ్వండి అని బస్టాండు దగ్గర పోస్టర్లు చూశాం అంటోంది ఒక పిన్నిగారు. ఇవ్వకండి. నిజంగా కట్టని బాకీని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడ్డదాన్ని సరిచేయించడానికి డబ్బు అక్కర్లేదు. వాళ్ళకి మీ ఓటీపీ, పాన్ ఇస్తే మీ పేరు మీద కొత్త అప్పు పుట్టినా ఆశ్చర్యం లేదు.

సెటిల్‌మెంటు గురించి. 40 వేల బాకీ, 15 వేలు కట్టండి వదిలేస్తాం అని ఫోన్ వస్తుంది. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, ‘క్లోజ్డ్’ అని పడదు. ఆ మాట చూస్తే తర్వాత అప్పు ఇచ్చేవాడికి, వీళ్ళు పూర్తిగా కట్టలేదు అని అర్థమవుతుంది. నిజంగా గతి లేనప్పుడు సెటిల్ చేసుకోవడంలో తప్పు లేదు, పిల్లల తిండి ముందు. కట్టగలిగితే మాత్రం కొంచెం కొంచెంగానైనా పూర్తిగా కట్టి, బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, నెల తర్వాత రిపోర్టులో క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి. ఆ సర్టిఫికెట్ పెళ్ళి ఫోటోలతో పాటు దాచండి. ఇంటి పట్టా తాకట్టు పెట్టి ఉంటే, బాకీ తీరిన 30 రోజుల్లో మీ కాగితాలు మీకు తిరిగివ్వాలి. వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి నియమం.

పంట రుణం మాఫీ అవుతుందని ఆగాం అంటున్నారు ఆ చివర కూర్చున్న పెద్దాయన. అయ్యా, ప్రకటన వేరు, బ్యాంకులో డబ్బు పడటం వేరు. డబ్బు పడేదాకా ఆ బాకీ మీ పేరు మీదే నడుస్తుంది. కనీసం వడ్డీ కట్టి రెన్యూవల్ చేయించుకోండి.

ఆఖరుది. ఆ అమ్మ ఇందాకట్నుంచి అడగాలా వద్దా అని చూస్తోంది. అడుగమ్మా, పర్వాలేదు. ... భర్త పోయారట, ఆయన పేరు మీద ట్రాలీ ఆటో అప్పు ఉందట, ఫైనాన్సువాళ్ళు వచ్చి నీ సిబిల్ పాడుచేస్తాం అంటున్నారట.

అమ్మా, ఆ కాగితాల మీద నువ్వు సంతకం పెట్టావా? తోటి అప్పుదారుగా గానీ హామీదారుగా గానీ? ... పెట్టలేదు కదా. అయితే ఆయన అప్పు నీ రిపోర్టులో పడకూడదు. వాళ్ళు ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే వసూలు చేసుకోగలరు, నీ కష్టార్జితం మీదికి రాలేరు. ఆ అప్పుకి ఇన్సూరెన్సు కట్టించుకుని ఉండచ్చు, చాలాసార్లు కట్టిస్తారు, మనకి చెప్పరు. లోను కాగితాలు ఇంట్లో ఉన్నాయా? ట్రంకు పెట్టెలోనా? రేపు పదకొండు గంటలకి ఆ కాగితాలు, మరణ ధ్రువపత్రం పట్టుకుని మా ఇంటికి రా. రాజవీధిలో, వేపచెట్టు ఉన్న ఇల్లు. ఇద్దరం కలిసి వాళ్ళ ఆఫీసుకి వెళదాం.